మొదట్లో తేలాల్సిన మాట

కోనసీమలో చెట్లు కొట్టే ముఠాల్లో మంచిదేదో, మామూలుదేదో తెలియాలంటే చెట్టు పడేటప్పుడు చూడక్కర్లేదు. అంతకు ముందు అరగంట చూస్తే చాలు. మామూలు ముఠా ఆటో దిగీ దిగగానే మోకు విప్పుతుంది, రంపం మెషిన్ తాడు లాగుతుంది. మంచి ముఠా మేస్త్రి మాత్రం ఒట్టి చేతులతో చెట్టు చుట్టూ తిరుగుతూ ఉంటాడు. ఇంటివాళ్లు ఇచ్చిన టీ గట్టు మీద చల్లారిపోతుంటుంది. "ఇంకా మొదలెట్టలేదేంటండీ మేస్త్రిగారూ?" అని అరుగు మీద నుంచి ఒకరు అడుగుతారు. "మొదలెట్టేశామండి" అంటాడాయన. ఆ మాట నిజమే.

ఈ అధ్యాయంలో చెప్పదలచింది ఒక్కటే. కింద తేల్చుకోని విషయం పైకెక్కాక తేలదు. నలుగురైదుగురిని వెంటబెట్టుకుని పని నడిపేవాళ్లెవరికైనా ఇది పనికొస్తుంది. పెళ్లి వంటలు ఒప్పుకునేవాళ్లు, రంగులేసేవాళ్లు, సెంట్రింగు మేస్త్రీలు, ఎవరైనా సరే. అయినా చెట్టు కొట్టేవాళ్లనే ఎంచుకోవడానికి కారణం ఉంది. సాంబారులో ఉప్పెక్కువైతే సర్దుకోవచ్చు, గోడ రంగు నచ్చకపోతే ఇంకో కోటింగు వేయొచ్చు. నలభై అడుగుల ఎత్తున సగం కోసిన మాను దగ్గర సర్దుబాటు ఉండదు. అమెరికా కార్మిక శాఖ లెక్కల్లో కూడా ప్రాణాపాయం ఎక్కువున్న పనుల జాబితాలో కలప నరికే పని ఎన్నో ఏళ్లుగా మొదటి వరసలోనే ఉంటూ వస్తోంది. హెల్మెట్లు, తాళ్లు, శిక్షణలు అన్నీ ఉన్నచోట సంగతే అది. మన దగ్గర కాళ్లకి బందం, నడుముకి కత్తి, తలకి తువ్వాలు. కాబట్టి మన వాళ్లకి కింద తేల్చుకోవడం ఇంకా ఎక్కువ అవసరం.

అమలాపురం, అంబాజీపేట, రాజోలు, కొత్తపేట వైపు చెట్టు పని అంటే ముప్పాతిక వంతు కొబ్బరి పనే. నెలన్నరకో రెండు నెలలకో ఒకసారి గెలలు దించేవాళ్లు దింపు కార్మికులు. దించిన కాయని గునపం మీద పొడిచి డొక్క తీసేవాళ్లు వలుపు కార్మికులు. ఎండినవి, తెగులు పట్టినవి, ఇంటి మీదకి వాలినవి కొట్టేవాళ్లు చెట్టు ముఠా. ఈ మూడింటికీ మధ్య గోడలేం లేవు. పొద్దున దింపుకెళ్లినవాడే మధ్యాహ్నం మెషిన్ భుజానేసుకుని కనిపిస్తాడు. మామిడి, చింత, నిద్రగన్నేరు లాంటివి కొట్టాల్సి వచ్చినా వీళ్లకే కబురు.

పని కూడా రకరకాల దారుల్లో వస్తుంది. కొత్త ఇల్లు కడుతున్నారని ఒకరు, తోట తీసి రొయ్యల చెరువు తవ్వుతున్నారని ఒకరు, పిడుగు పడిందని ఒకరు పిలుస్తారు. రాజోలు, మలికిపురం వైపు శంకరగుప్తం డ్రెయిన్ వెంట సముద్రపు పోటు నీరు ఎక్కి చాలా తోటల్లో కొబ్బరి చెట్లు తలలు రాల్చేశాయి. మొవ్వు లేని మోడులు వరసగా నిలబడి ఉంటాయి. వాటిని కొట్టడం తేలికనుకుంటాం. ముఠావాళ్లనడగండి, పచ్చి చెట్టు కంటే చచ్చిన చెట్టుకే ఎక్కువ భయపడతామంటారు.

చెట్టు చుట్టూ ఏం చూస్తారు?

కొత్తపేట వైపు ఒక పెరడు అనుకోండి. పెంకుటింటికీ, వీధిలో కరెంటు తీగలకీ మధ్య ఎత్తైన పాత కొబ్బరి చెట్టు. ఈస్ట్ కోస్ట్ టాల్ రకం, అరవై అడుగులకి తగ్గదు. కాస్త ఇంటివైపు వాలి ఉంది. మేస్త్రి ముందు మొదలు దగ్గర కూర్చుంటాడు. మాను పగుళ్లలోంచి ఎర్రటి గోధుమరంగు బంక కారిందా, మొదట్లో చెక్కలాంటి పుట్టగొడుగు పుట్టిందా అని చూస్తాడు. అవి గానోడెర్మా తెగులు గుర్తులు. ఆ తెగులు పట్టిన చెట్టు పైకి ఆకుపచ్చగానే ఉండొచ్చు, లోపల మాత్రం మెత్తగా కుళ్లిపోతుంటుంది. తర్వాత గొడ్డలి తిప్పి, వెనక మొద్దు వైపుతో మానుని నాలుగు పక్కలా కొడతాడు. గట్టి మాను ఒకలా పలుకుతుంది, డొల్ల మాను ఇంకోలా పలుకుతుంది. కొట్టిన ప్రతిచోటా ఒక్క క్షణం ఆగి వింటాడు. ఆ తర్వాతే తల పైకెత్తుతాడు. ఎన్ని గెలలున్నాయి, ఎండు మట్టలు ఎటు వేలాడుతున్నాయి, కందిరీగల తుట్టె ఏమైనా ఉందా, గాలి ఎటు తోస్తోంది.

మాను డొల్లగా పలికిందనుకోండి. అప్పుడు ఇంటావిడతో మాట.

"ఇది ఎక్కే చెట్టు కాదండి అమ్మగారూ."

"అదేంటి మేస్త్రీ, పోయినేడు కూడా దింపు తీయించాంగా! అప్పుడు ఎక్కారు."

"అప్పుడు ఎక్కుంటారండి. ఇవాళ మా వాడిని ఎక్కించను. తాడేసి లాగి పడగొట్టాలి, లేదంటే క్రేను తెప్పించుకోవాలండి."

ఈ నాలుగు మాటలూ చెప్పడానికి ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి. ఎదురుగా ఉన్నది డబ్బిచ్చే మనిషి. పక్క వీధిలో ఇంకో ముఠా ఎక్కడానికి సిద్ధంగా ఉంటుంది. వ్యక్తిత్వ వికాసం పేరుతో వచ్చే పుస్తకాల్లో సగం 'రిస్క్ తీసుకో' అనే నేర్పుతాయి. వాటిని రాసినవాళ్లలో ఎవరూ కుళ్లిన కొబ్బరి చెట్టెక్కి ఉండరు.

గట్టి చెట్టయితే లెక్క వేరు. పక్కన ఇల్లుంటే మొదట్లో కోసి పడెయ్యరు, పై నుంచి ముక్కలుగా దించుతారు. ముందు మట్టలు, తర్వాత గెలలు, ఆ తర్వాత తల, ఆ తర్వాత మూడేసి అడుగుల మాను ముక్కలు. అడుగు వ్యాసం, మూడడుగుల పొడవున్న పచ్చి మాను ముక్క యాభై, అరవై కిలోలు తూగుతుంది. నలభై అడుగుల నుంచి పడితే నేలని తాకేటప్పటికి దాని వేగం గంటకి యాభై కిలోమీటర్లు దాటుతుంది. కింద కాలువ గట్టు మీద ఆడుకునే పిల్లాడికి ఈ లెక్క తెలియదు. అందుకే ముక్క దిగే చోటుకి చుట్టూ తాడు కట్టి, ఒక మనిషిని కేవలం కాపలాకే నిలబెట్టే ముఠాని నమ్మొచ్చు. 'ఒక మనిషి కూలి దండగ' అనుకునే ముఠాకి నమస్కారం పెట్టి పంపించెయ్యండి.

ఖాళీ జాగాలో మొదట్లో కోసి పడగొట్టేటప్పుడు పద్ధతి ఉంది. పడాల్సిన వైపు మానులో నాలుగో వంతు లోతుకి గంటు పెడతారు. తర్వాత వెనక నుంచి, గంటుకి కొంచెం పైగా కోస్తారు. రెండు కోతలూ కలిసిపోకూడదు. మధ్యలో కోయకుండా ఒక పట్టీ వదలాలి. తలుపుకి బందు ఎలాగో చెట్టుకి ఆ పట్టీ అలాగ, అది ఉన్నంతసేపూ చెట్టు చెప్పిన దిక్కుకే తిరుగుతుంది. తొందరపడి దాన్ని కూడా కోసేస్తే ఇక చెట్టు ఇష్టం. కొబ్బరితో ఇంకో చిక్కు ఉంది. మామిడికో టేకుకో చేవ లోపల ఉంటుంది. కొబ్బరికి వలయాలుండవు, చేవంతా బయటి చుట్టులోనే, లోపలంతా మెత్తటి పీచు. ఆ గట్టి పీచుకి చైను పదును ఇట్టే పోతుంది. మెషిన్ కింద రాలేది చూస్తే తెలిసిపోతుంది. పదునున్న చైను పెచ్చులు రాలుస్తుంది, మొద్దుబారింది పొడి రాలుస్తుంది. పొడి రాలుతున్నా ఆకురాయి తియ్యకుండా మెషిన్‌ని మానుకేసి అదిమేవాడు పెట్రోలూ తగలేస్తాడు, భుజాలూ పోగొట్టుకుంటాడు.

బ్లేడు కొస పైభాగం దేనికైనా తగిలితే మెషిన్ ఒక్కసారిగా మొహం మీదకి ఎగురుతుంది. అందుకే భుజం ఎత్తు దాటి మెషిన్ ఎత్తకూడదు, ఒంటి చేత్తో పట్టకూడదు, చైన్ బ్రేకు పనిచెయ్యని మెషిన్ ఎంత చవగ్గా అద్దెకొచ్చినా తేకూడదు. చెట్టు కదలడం మొదలెట్టాక తప్పుకునే దారి కూడా ముందే శుభ్రం చేసుకోవాలి, పడే దిక్కుకి నేరుగా వెనక్కి కాదు, ఏటవాలుగా వెనక్కి. మాను ఒక్కోసారి మొదలు నుంచి ఊడి నేరుగా వెనక్కే తన్నుతుంది. చూడ్డానికి వచ్చినవాళ్లు చెట్టు ఎత్తుకి రెండింతల దూరంలో ఉండాలి. ఫోన్లో వీడియో తీసేవాళ్లు మూడింతలైనా నాకభ్యంతరం లేదు.

తీగల సంగతి

కోనసీమలో కొబ్బరి మట్టకీ కరెంటు తీగకీ ఉన్న పగ అందరికీ తెలుసు. గాలొస్తే మట్ట తీగ మీద పడుతుంది, ఊరు చీకటవుతుంది. ముఠావాళ్లకి మాత్రం అది చీకటితో పోయే సంగతి కాదు. పచ్చి మట్టలో తడి ఉంటుంది, వానకి తడిసిన మోకులో ఇంకా ఎక్కువ ఉంటుంది. రెండూ కరెంటుని మోస్తాయి. తీగకి తగలక్కర్లేదు, పదకొండు వేల వోల్టుల లైను దగ్గరకి వెళ్లినా చాలు.

ఇక్కడ జరిగే మోసం ఒకటుంది, మనకి మనమే చేసుకునే మోసం. "ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు పీకించాంలే, ఎక్కెయ్" అంటారు. ఫ్యూజు పీకింది ఎవరు, ఏ లైనుది, మళ్లీ ఎవరైనా పెట్టేస్తే? ఏదో ఇంట్లో ఇన్వర్టరో జనరేటరో తప్పుగా కలిపి ఉంటే కరెంటు వెనక్కి కూడా వస్తుంది. సరైన దారి ఒక్కటే. కరెంటు సంస్థ ఈపీడీసీఎల్ వాళ్లకి ముందే చెప్పి, లైన్‌మన్ వచ్చి, శాఖ పద్ధతిలో లైన్ క్లియర్, అంటే ఎల్‌సీ తీసుకుని, లైనుకి ఎర్తు వేశాక పని మొదలెట్టాలి. పని అయ్యేదాకా లైన్‌మన్ అక్కడే ఉండాలి. ఫిర్యాదుకైనా అత్యవసరానికైనా 1912 నంబరు ఉంది. దీనివల్ల పని ఒక రోజు వాయిదా పడొచ్చు. పడనివ్వండి. వాయిదా పడినందుకు ఇంటివాళ్లు విసుక్కుంటే ఆ విసుగు మేస్త్రి భరించాలి. చెట్టెక్కేవాడి దాకా రానివ్వకూడదు. మేస్త్రికి ఎక్కువ వాటా ఇచ్చేది అందుకే అని నా అభిప్రాయం.

చట్టం సంగతి కూడా ఇక్కడే. 2002లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ జల, భూమి, వృక్ష చట్టాన్ని జనం వాల్టా అంటారు. మన పెరట్లోదైనా సరే, కొన్ని జాతుల చెట్లు కొట్టాలంటే అనుమతి కావాలి. రోడ్డు పక్క చెట్టు, కాలువ గట్టు మీది చెట్టు మన ఇంటి ముందున్నంత మాత్రాన మనవి కావు. 'ఆయన చెప్పాడు, మేం కొట్టాం' అంటే కేసు ముఠా మీద కూడా పడుతుంది. కాగితం చూపించమని అడగడానికి మొహమాటపడొద్దు.

ఒక్క గొంతు

మెషిన్ మోగుతుంటే అరుపు వినపడదు. కింద నలుగురూ నాలుగు మాటలు అరిస్తే పైనున్నవాడికి ఒక్కటీ చేరదు. పైగా మనూళ్లలో చెట్టు కొడుతున్నారంటే చుట్టుపక్కల పెద్దమనుషులంతా వచ్చి సలహాలిస్తారు. "అటు లాగవోయ్", "ఇంకాస్త కొయ్యి", "మా నాన్నగారి టైములో ఇలా కాదు". అందుకని మంచి ముఠాలు కిందే మాట ఖాయం చేసుకుంటాయి. పైవాడు వినాల్సింది ఒక్కడి మాటే. చేయి పైకెత్తి అరచేయి చూపిస్తే ఆపాలి, చేయి గుండ్రంగా తిప్పితే దించాలి, రెండు చేతులూ అడ్డంగా ఊపితే మెషిన్ కట్టెయ్యాలి. సైగలు ఏవైనా ఫర్వాలేదు, అందరికీ ఒకటే అయితే చాలు.

ఈ ఒక్కడి మాటకి ఒక మినహాయింపు ఉంది, అసలు కిటుకు అదే. 'ఆపు' అని మాత్రం ఎవరైనా అనొచ్చు. నిన్న పనిలో చేరిన కుర్రాడు అన్నా సరే, మట్టలు మోసే ఆవిడ అన్నా సరే, ఆపేసి తర్వాత అడగాలి. తీరా చూస్తే ఏమీ లేకపోతే? ఆ కుర్రాడిని తిట్టకూడదు. ఒక్కసారి తిడితే, ఇంకోసారి నిజంగా చూసినా నోరు మెదపడు. మీరు ఆఫీసులో నలుగురిమీద పెద్దగా ఉన్నారనుకోండి, మీ దగ్గర చిన్నవాడు చివరిసారి 'ఆగండి' అన్నది ఎప్పుడో గుర్తు తెచ్చుకోండి. గుర్తు రాకపోతే అంతా బాగుందని కాదు అర్థం.

తుపాను మర్నాడు

1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమని ఊడ్చేసింది. వెయ్యికి పైగా ప్రాణాలు పోయాయి, తోటలకి తోటలే నేలకొరిగాయి. దేశవాళీ కొబ్బరి మొక్క పెట్టాక కాపుకి రావడానికే ఆరేడేళ్లు పడుతుంది కాబట్టి ఆ రాత్రి నష్టాన్ని రైతులు చాలా ఏళ్లు మోశారు. రోడ్ల మీద పడ్డ మానుల్ని అప్పట్లో ఎక్కువగా గొడ్డళ్లతో, చేతి రంపాలతోనే తీశారు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటే నాటికి ఊరూరా మెషిన్లున్నాయి, విపత్తు బృందాలు రంపాలతో సిద్ధంగా ఉన్నాయి. పని వేగం పెరిగింది, అపాయం తీరు మాత్రం మారలేదు.

పడి ఉన్న చెట్టు ప్రశాంతంగా కనిపిస్తుంది. అదే దాని మాయ. రెండు చెట్ల మధ్య వంగి ఇరుక్కున్న మానులో బిగువు ఉంటుంది. బిగువున్న వైపు కోస్తే అది విడిపోయి మనిషిని కొడుతుంది. వేళ్లతో సహా లేచి పడ్డ పెద్ద మామిడి మొదలు దగ్గర మాను కోసేస్తే, బరువు తగ్గిన వేళ్లముద్ద మట్టితో సహా తిరిగి గోతిలోకి లేచి కూర్చుంటుంది. ఆ గోతిలో కాలు పెట్టి నిలబడి ఉంటే ఇక చెప్పేదేముంది. తెగిన తీగలు మట్టల కింద కనపడకుండా ఉంటాయి. పైగా తుపాను మర్నాడు అందరూ తొందరపెడతారు, ఎవరికి వాళ్లకి తమ గుమ్మమే ముందు. ఆ రోజు కూలి మామూలు కంటే ఎక్కువ దొరుకుతుంది కాబట్టి రాత్రిళ్లు కూడా పని ఒప్పుకుంటారు. నిద్రలేని చేతికి మెషిన్ ఇవ్వకూడదన్న ఒక్క నియమం పెట్టుకున్న ముఠా ఆ వారం కొంత తక్కువ సంపాదిస్తుంది. మనుషులు మాత్రం అందరూ మిగులుతారు.

బేరం

చెట్టు పనిలో గొడవలు చెట్టు పడ్డాకే వస్తాయి. మాను ఎవరిది? మట్టలు ఎవరు ఎత్తాలి? మొదలు తవ్వడం ఇందులోకే వస్తుందా? పెంకు పగిలితే ఎవరు వేయించాలి? మధ్యలో వాన పడి ఆగిపోతే రెండో రోజు కూలి ఎవరు పెట్టుకోవాలి? టేకో పెద్ద మామిడో అయితే కలపకి విలువుంటుంది కాబట్టి కొట్టేవాళ్లే ఇంటివాళ్లకి ఎదురు డబ్బిస్తారు. ముసలి కొబ్బరికి ఆ విలువ ఉండదు, ఇంటివాళ్లే ముఠాకి ఇవ్వాలి. ఈ తేడా అర్థం కాక 'కలప తీసుకుపోతున్నారు, మళ్లీ డబ్బెందుకు' అనే మాట వస్తుంది. కింద ఉన్నప్పుడు రెండు నిమిషాల్లో చెప్పేది పడ్డాక రెండు గంటలు చెప్పాల్సి వస్తుంది.

ఇంటివాళ్ల ఫోనుకి ఒక వాట్సాప్ మెసేజ్ పెట్టమంటాను నేను. 'చెట్టు కొట్టి, ముక్కలు చేసి, మట్టలు గట్టు మీద వేస్తాం, మొదలు తవ్వం, మాను మీదే' అని ఒక్క వాక్యం. రాయడం రాకపోతే గొంతు రికార్డు చేసి పంపొచ్చు. అది కేసుల కోసం కాదు, జ్ఞాపకం కోసం. ముఠా లోపల పంపకం కూడా అలాగే ముందే చెప్పుకోవాలి. ఎక్కినవాడికెంత, మెషిన్ వాటా ఎంత, పెట్రోలు ఎవరిది. సాయంత్రం చేతిలో డబ్బు పడ్డాక, ఒళ్లు నొప్పులకని ఒక చుక్క కూడా పడ్డాక, ఏ లెక్కా తేలదు.

తెగులు పట్టిన చెట్టు అయితే మొదలు సంగతి బేరంలో తప్పకుండా ఉండాలి. గానోడెర్మా వేళ్ల ద్వారా పక్క చెట్టుకి పోతుంది. పైది కొట్టేసి మొదలు నేలలో వదిలేస్తే తెగులుని అక్కడే ఉంచి పోయినట్టే. వేళ్లతో సహా తవ్వి కాల్చెయ్యాలి. మాను ముక్కల్ని పెరట్లో కుళ్లబెడితే కొమ్ము పురుగు వాటిలో గుడ్లు పెడుతుంది, అక్కడి నుంచి మిగతా చెట్ల మొవ్వుల్లోకి ఎక్కుతుంది. ఈ సంగతి రైతుకి చెప్పగలిగిన ముఠా ఒక చెట్టు కొట్టి పోదు, తోటంతా తనదిగా చూసుకుంటుంది.

ఎక్కలేని వయసు

చెట్టెక్కే పని ఎవరినీ చివరిదాకా ఉంచుకోదు. నలభై ఐదు దాటేసరికి మోకాళ్లు, భుజాలు మొరాయిస్తాయి. కొడుకులు చెట్టెక్కరు, గల్ఫ్ వెళ్తారు, హైదరాబాద్ వెళ్తారు. వెళ్లనివ్వండి, ఎవరు కాదంటారు. అందువల్లే దింపుకి మనుషులు దొరకడం లేదని రైతులు మొత్తుకుంటున్నారు. దొరకనిదానికే విలువ. కానీ ఆ విలువ కూలి పెంచమని అడగడంతో ఆగిపోతే కొన్నేళ్లే.

దింపువాళ్లకి నా సలహా వేరు. మీరు ఎలాగూ నెలన్నరకోసారి తల దగ్గరకి ఎక్కుతున్నారు. చెట్టుకి జబ్బు వస్తే ముందు తెలిసేది మీకే. రైతు కింద నుంచి చూసేది ఆకులే, మీరు మొవ్వు చూస్తారు. కొమ్ము పురుగు తొలిచిన రంధ్రం కనిపిస్తే ఇనుప ఊచతో పురుగుని లాగెయ్యడం, చిన్న చెట్లకి మొవ్వు చుట్టూ ఆకుల మొదళ్లలో నాఫ్తలీన్ ఉండలు పెట్టి ఇసుక కప్పడం పెద్ద చదువులేం కాదు. శాస్త్రవేత్తలు చెప్పేది కూడా ఆ ఉండలు 45 రోజులకోసారి పెట్టమనే, అది సరిగ్గా దింపు లెక్క. పచ్చి మట్టలు కోయాల్సి వస్తే మానుకి ఆనించి కోయకుండా మూడు నాలుగు అడుగుల తొడిమ వదలాలి. గాయం వాసనకి ఎర్రముక్కు పురుగు వస్తుంది. ఎక్కడానికి వీలని మానుకి గంట్లు పెట్టడమూ అందుకే తప్పు. ఇవన్నీ అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానంలో అడిగితే చెబుతారు. దింపుకి వెళ్లి, తోట పరిస్థితి ఇదీ అని రైతుకి చెప్పి రాగలిగినవాడు కూలీగా మిగలడు. ఎక్కడం మానేశాక కూడా అతన్ని పిలుస్తారు.

ఎక్కే పరికరాల గురించి కూడా ఒక మాట. కేరళలో కన్నూరు జిల్లా చెంపేరికి చెందిన ఎం.జె. జోసెఫ్ అనే రైతు తయారుచేసిన ఎక్కుడు యంత్రం దేశమంతా పాకింది. కొబ్బరి అభివృద్ధి మండలి 2011లో 'ఫ్రెండ్స్ ఆఫ్ కోకోనట్ ట్రీ' పేరుతో యంత్రంతో ఎక్కడం నేర్పడం మొదలెట్టింది, ఆడవాళ్లు కూడా నేర్చుకున్నారు. మన పాత దింపువాళ్లు దాన్ని చూసి నవ్వుతారు. బందంతో రెండు చెట్లెక్కి దిగేలోపు యంత్రం ఒక చెట్టు కూడా ఎక్కదంటారు. వాళ్ల వేగం వాళ్లది. కాలు జారితే పట్టుకునే బెల్టు ఆ యంత్రానికి తగిలించుకోవచ్చు, బందంతో అది రాదు. వానాకాలం పాచి పట్టిన మాను మీద ఈ తేడా చిన్నది కాదు.

ఇరవై రూపాయలు

మిగిలింది బీమా. కొబ్బరి ఎక్కేవాళ్ల కోసం కొబ్బరి అభివృద్ధి మండలి 'కేరా సురక్ష' అనే ప్రమాద బీమా నడుపుతోంది, ప్రీమియంలో పెద్ద భాగం మండలే కడుతుంది. అది దొరికినా దొరకకపోయినా బ్యాంకు ఖాతా ఉన్న ప్రతివాడూ తీసుకోగలిగింది ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన. 18 నుంచి 70 ఏళ్లవాళ్లకి ఏడాదికి 20 రూపాయలు. ప్రమాదంలో చనిపోతే, లేదా రెండు కళ్లో రెండు కాళ్లో రెండు చేతులో పూర్తిగా పోతే 2 లక్షలు, ఒక కన్నో ఒక కాలో ఒక చేయో పోతే లక్ష. ఆ డబ్బు ఏ మనిషికీ సాటి రాదు, అయినా దహనానికి అప్పు చేసే పరిస్థితి తప్పుతుంది.

చాలామందికి తెలియని సంగతి ఈ పథకం నిబంధనల్లోనే ఉంది. రోడ్డు ప్రమాదమైతే పోలీసు కాగితం కావాలి. పాముకాటు, చెట్టు మీద నుంచి పడడం లాంటివాటికి ఆసుపత్రి రికార్డు కావాలి, అదీ వెంటనే రాసినది. కాబట్టి ఎవరైనా పడితే నాటు కట్టు కట్టించే దగ్గరకి కాకుండా తిన్నగా ఆసుపత్రికి తీసుకెళ్లండి. 'కింద పడ్డాడు' అని కాదు, 'చెట్టు మీద నుంచి పడ్డాడు' అని ఓపీ చీటీ మీద రాయించండి. ఆ చీటీ ఫోటో ముఠాలో ఇద్దరి ఫోన్లలో ఉంచండి. నామినీగా ఎవరి పేరుందో ఇంట్లో వాళ్లకి చెప్పండి.

ఈ బీమా జూన్ 1న మొదలై మే 31తో అయిపోతుంది, డబ్బు ఖాతాలోంచి దానంతటదే కట్ అవుతుంది. ఖాతాలో లేకపోతే బీమా ఉండదు. మీ తోటకి దింపుకొచ్చే మనిషిని ఈసారి కూలి ఇచ్చేటప్పుడు ఈ బీమా ఉందా అని అడగండి. మే నెలాఖరుకి అతని ఖాతాలో ఆ 20 రూపాయలు ఉండేలా చూడండి, మర్చిపోతాడనిపిస్తే మీరే వేయండి.